ఊపిరికి మందు – గుండెకు పరీక్ష

ఉబ్బసపు రోగి పడు బాధ దగ్గరనుండి చూచినవారికే గాని తెలియదు. రాత్రి రెండవజాము దాటిన పిమ్మట ఒక్కసారిగా రొమ్ము బిగిసికొనును. రోగి పండుకొనలేడు, స్థిమితముగా కూర్చుండలేడు. చేతులు మోకాళ్లపై ఆనించి, భుజములు పైకెత్తి గాలికొరకు పెనగులాడును. లోనికి పోయిన గాలి సులభముగా బయటికి రాదు. వచ్చునపుడు పిల్లికూతలవంటి చప్పుడు చేయుచు వచ్చును. అట్టి సమయమున అరచేతిలో ఇముడునంతటి చిన్న సాధనమును నోట నుంచుకొని రెండుమారులు పీల్చినంతనే, ఐదు పది నిమిషములలో ఊపిరి సుళువగుట నేడు సర్వసామాన్యమైన విషయము. కాని ఊపిరి తేరుకొనుచున్న ఆ రోగియే మరియొక సంగతిని గమనించును. గుండె దడదడ కొట్టుకొనును. వ్రేళ్ల కొనలు సన్నగా వణకును. మందు పోయినది ఊపిరితిత్తులకు, అదరినది గుండె. ఇట్లేల జరుగవలెను?

ఈ చిన్న ప్రశ్నకు సమాధానము చెప్పుటకు వైద్యశాస్త్రమునకు అర్ధశతాబ్దమునకు పైగా పట్టినది. ఆ సమాధానము పూర్తిగా తెలియకమునుపే మందు లక్షలాది జనుల చేతులలోనికి పోయినది. దాని ఫలితముగా చదువుకొను వయస్సులోనున్న బాలబాలికలు కూడ ప్రాణములు కోల్పోయిరని అనేక శాస్త్రజ్ఞులు నమ్ముచున్నారు. ఊపిరికి మందు వెదకినవారు గుండెను గురించి, రక్తనాళములను గురించి ఏమి నేర్చుకొనిరో తెలిపెడి కథ ఇది.

ఒకే తీరు కండరము

మెడలోని పెద్ద గాలిగొట్టము రొమ్ములోనికి దిగి రెండుగా చీలి, ఆపైన చెట్టుకొమ్మలవలె సన్నని శాఖలుగా విడిపోవును. ఈ శ్వాసనాళముల గోడలలో నునుపు కండరము చుట్టుకొని యుండును. ఇది మన ఇచ్ఛకు లోబడినది కాదు. ఉబ్బసములో నాళముల లోపలి పొర వాచును, జిగట శ్లేష్మము ఊరును, కండరము బిగిసికొనును. ఈ మూడింటి వలన గాలి దారి ఇరుకగును. శ్వాసనాళములను సడలించు మందులు ఈ మూడింటిలో కండరపు బిగువును మాత్రమే తీర్చును, వాపును తీర్చవు. ఈ భేదమును పాఠకులు గుర్తుంచుకొనవలెను. కథ చివరకు వచ్చుసరికి దీని ప్రాముఖ్యము తెలియగలదు.

ఇటువంటి నునుపు కండరమే రక్తనాళముల గోడలలోను కలదు. అది బిగిసిన రక్తపీడనము హెచ్చును, సడలిన తగ్గును. శ్వాసనాళములను, రక్తనాళములను, గుండెను మనకు తెలియకుండ నడుపునవి రెండు తెగల నాడులు. మొదటిది సహానుభూతిక నాడీమండలము. ఇది ఆపద వచ్చినపుడు శరీరమును పరుగునకుగాని పోరునకుగాని సిద్ధపరచును. రెండవ తెగలో ముఖ్యమైనది వేగస్ నాడి. గుండెకు ఇది కళ్లెమువంటిది. శ్వాసనాళములకు మాత్రము బిగించు త్రాడువంటిది. గుండె వేగమును తగ్గించుట, శ్వాసనాళములను ఇరుకు చేయుట – రెండు పనులును దీనివే. కనుక ఈ నాడి పనిని అడ్డగించిన మందు గాలిదారిని తెరచును. అదే చేతితో గుండె కళ్లెమును వదలివేయును.

ఉమ్మెత్త పొగ

ఈ సత్యము మొదట బయటపడినది మన గ్రామములలో చెత్తదిబ్బల ప్రక్కన మొలచు ఉమ్మెత్త మొక్క మూలమున. ఉబ్బసమునకు ఉమ్మెత్త పొగ పీల్చుట భారతదేశములో చాలకాలమునుండి వాడుకలోనున్న చికిత్స. ఈస్టిండియా కంపెనీ కాలమున మద్రాసులో ప్రధాన వైద్యాధికారిగానుండిన జేమ్స్ ఆండర్సన్ ఈ చికిత్సను ఎరిగినవాడు. జనరల్ జెంట్ అను సైనికాధికారి 1802లో దీనిని మద్రాసునుండి ఇంగ్లండుకు కొనిపోయెను. తరువాత పందొమ్మిదవ శతాబ్దమంతయు ఐరోపా, అమెరికా దేశములలో ఉమ్మెత్త జాతి ఆకులతో చేసిన ఉబ్బసపు చుట్టలు, పొగపొడులు విరివిగా అమ్ముడుపోయెను. పీల్చి పుచ్చుకొను ఉబ్బసపు మందుల చరిత్రలో తెలుగువారికి సుపరిచితమైన ఉమ్మెత్తకు ఈ విధముగా గౌరవస్థానము లభించినది.

ఉమ్మెత్తలో అట్రోపీను, దానికి దగ్గరి చుట్టములైన ఇతర క్షారములు కలవు. ఇవి వేగస్ నాడి పంపు ఆజ్ఞను కండరమునకు చేరనీయవు. అందువలన శ్వాసనాళములు విచ్చుకొనును. కాని నోరు ఎండిపోవును, కంటిపాపలు పెద్దవగును, గుండె పరుగెత్తును. మోతాదు మించిన మతి చలించును. ఉమ్మెత్తను తిని మతి తప్పినవారిని గురించిన మాటలు మన పల్లెలలో వినని వారుండరు. పొగలో ఎంత మందు ఉన్నదో, అందులో ఎంత రోగి లోనికి పోయినదో తెలియు మార్గము లేదు. మంచి మందే గాని దానికి తూనిక లేదు, గురి లేదు. ఈ రెండు లోపములే ఆ తరువాతి నూరేండ్ల చరిత్రను నడిపినవి.

మూత్రపిండములపైని గ్రంథులు

రెండవ దారి 1894లో తెరువబడినది. హారోగేటు పట్టణములోని వైద్యుడు జార్జి ఆలివర్, లండను యూనివర్సిటీ కళాశాల ఆచార్యుడు ఎడ్వర్డ్ షేఫర్ కలిసి, మూత్రపిండములపై టోపీలవలె కూర్చుండు అధివృక్క గ్రంథుల రసమును జంతువుల రక్తములోనికి ఎక్కించిరి. రక్తపీడనము అమితముగా పెరిగెను. రక్తనాళములు ముడుచుకొనెను, గుండె బలముగా కొట్టుకొనెను. ఆ రసములోని సారమును 1901 నాటికి జపాను రసాయన శాస్త్రజ్ఞుడు టకమినే జోకిచి స్ఫటిక రూపమున వేరుచేసి, అడ్రినలిన్ అని పేరిడెను. 1904లో ఫ్రెడరిక్ స్టోల్జ్ దీనిని ప్రయోగశాలలో తయారుచేసెను.

న్యూయార్కు వైద్యులు బులోవా, కాప్లన్ 1903లో అడ్రినలిన్‌ను ఉబ్బసపు రోగులకు చర్మము క్రింద సూదిమందుగా ఇచ్చిరి. ఫలితము ఆశ్చర్యకరముగానుండెను. అయితే వారు చెప్పిన కారణము వేరు. శ్వాసనాళముల పొరలోని రక్తనాళములు ఉబ్బుటయే రోగమునకు మూలమనియు, వాటిని మందు ముడుచునట్లు చేయుటచే వాపు తగ్గుచున్నదనియు వారు తలంచిరి. కొన్ని సంవత్సరములకే మరియొక సంగతి తెలిసినది. అడ్రినలిన్ శ్వాసనాళ కండరమునే నేరుగా సడలించును. ఇందులోని వింతను గమనింపుడు. ఒకే పదార్థము చర్మములోని రక్తనాళమును బిగించుచున్నది, శ్వాసనాళమును సడలించుచున్నది, గుండెను తరుముచున్నది. 1910లో బార్జర్, డేల్ అను శాస్త్రజ్ఞులు ఇట్టి అమైనులను అనేకము పరీక్షించి, అవి సహానుభూతిక నాడుల పనిని అనుకరించుచున్నవని చూపిరి. కాని బిగింపు, సడలింపు అను పరస్పర విరుద్ధమైన పనులను ఒక్క పదార్థమే ఎట్లు చేయుచున్నది? దీనికి సమాధానము మరి ముప్పదియెనిమిది సంవత్సరములకు గాని రాలేదు.

అడ్రినలిన్‌కు ఇంకొక చిక్కు కూడ కలదు. నోటితో మ్రింగిన అది పనిచేయదు. ప్రేగులలోను, కాలేయములోను నశించును. చైనాలో పూర్వమునుండి వాడుకలోనుండిన మాహువాంగ్ అను మూలికలోని ఎఫెడ్రిన్ ఈ లోపమును కొంత తీర్చెను. జపాను శాస్త్రజ్ఞుడు నగాయి దానిని 1885లోనే వేరుచేసియుండెను. పెకింగ్ నగరములో చెన్, ష్మిట్ అను పరిశోధకులు 1924 ప్రాంతమున దాని గుణములను లోకమునకు చాటిరి. మాత్రగా మ్రింగవచ్చును. అయినను గుండెదడ, రక్తపీడనము పెరుగుట, నిద్ర పట్టకపోవుట అనునవి దానిని వదలలేదు.

పిచికారి నుండి లోహపు డబ్బాకు

మందు చేరవలసినది శ్వాసనాళమునకే యైనపుడు దానిని రక్తమంతట త్రిప్పనేల? నేరుగా అచటికే పంపరాదా? ఈ ఆలోచనతో 1920 దశాబ్దపు చివరినుండి అడ్రినలిన్ ద్రావణమును గాజు పిచికారిలో పోసి, రబ్బరు బుడ్డిని నొక్కి, తుంపరగా పీల్చు పద్ధతి బయలుదేరినది. 1929లో పెర్సీ క్యాంప్స్ అను ఆంగ్ల వైద్యుడు దీనిని గురించి వ్రాసెను. కొలది మందుతోనే గుణము కనిపించెను. పీల్చుటలోని ప్రయోజనము నేటికిని ఇదే. ప్రస్తుతము వాడుకలోనున్న సాల్బుటమాల్ లెక్క చూచిన ఇది స్పష్టమగును. ఒక పీల్పులోని మందు సాధారణముగా 100 మైక్రోగ్రాములు. మాత్రగా మ్రింగునపుడు 4 మిల్లీగ్రాములు, అనగా 4,000 మైక్రోగ్రాములు కావలెను. ఒక్క మాత్ర నలుబది పీల్పులకు సమానము. మాత్రలోని మందు గుండెను తాకుచు పోవును. పీల్పులోని మందులో అధికభాగము గొంతులో పడి కడుపులోనికి జారినను, మొత్తము స్వల్పమగుటచే గుండెకు చేరునది తక్కువ.

1940లో ఆస్ట్రియా దేశపు ఔషధశాస్త్రజ్ఞుడు హెరిబర్ట్ కొంజెట్, అడ్రినలిన్‌ను పోలిన ఒక క్రొత్త పదార్థమును వర్ణించెను. దాని పేరు ఐసోప్రెనలిన్. అది శ్వాసనాళములను అడ్రినలిన్ కంటె బలముగా సడలించెను. రక్తనాళములను ముడుచునట్లు చేయకుండ వాటిని కూడ విచ్చుకొనునట్లు చేసెను. రక్తపీడనము పెరుగు భయము తొలగినదని వైద్యులు సంతసించిరి. కాని గుండెను పరుగెత్తించుటలో అది అడ్రినలిన్‌కు తీసిపోలేదు.

అప్పటివరకు గాజు పిచికారి పగులునట్టిది, జేబులో పట్టనిది. 1955లో లాస్ ఏంజెలెస్‌లోని రైకర్ ప్రయోగశాలల అధిపతి జార్జి మైసన్‌కు ఉబ్బసముతో బాధపడు కుమార్తె యుండెను. జుట్టుకు చల్లుకొను పరిమళద్రవము ఒత్తిడి డబ్బాలో వచ్చుచుండగా ఉబ్బసపు మందు ఏల రాకూడదని ఆ బాలిక తండ్రిని అడిగినదట. ఆ ప్రశ్నయే కార్యరూపము దాల్చెను. నొక్కినప్పుడెల్ల సమానమైన పరిమాణమునే విడుదల చేయు కవాటమును అమర్చిన చిన్న లోహపు డబ్బాలు 1956లో అంగడికెక్కెను. ఒకదానిలో అడ్రినలిన్, మరియొకదానిలో ఐసోప్రెనలిన్ నింపబడెను. ఉమ్మెత్త పొగకు లేని తూనిక ఇప్పుడు లభించినది. గురి మాత్రము ఇంకను కుదరలేదు.

ఆల్ఫా, బీటా

ఈలోగా అమెరికాలో జార్జియా రాష్ట్రపు ఆచార్యుడు రేమండ్ ఆల్క్విస్ట్ పాత చిక్కుముడిని విప్పియుండెను. ఆయన ఆరు అమైనులను తీసికొని, వేర్వేరు అవయవములపై వాటి బలాబలములను క్రమముగా పోల్చి చూచెను. రక్తనాళములను బిగించు పని మొదలగు వానిలో అడ్రినలిన్ ప్రథమము, ఐసోప్రెనలిన్ చిట్టచివరిది. గుండెను ప్రేరేపించుట, రక్తనాళములను సడలించుట మొదలగు వానిలో ఈ వరుస తలక్రిందులైనది. ఐసోప్రెనలిన్ ప్రథమస్థానమునకు వచ్చినది. తాళపుచెవి ఒకటే యైనను తాళములు రెండు రకములుగా నుండవలెనని ఆయన ఊహించెను. ఆ తాళములే గ్రాహకములు. వాటికి ఆల్ఫా, బీటా అని పేర్లు పెట్టెను. ఈ వ్యాసమును మొదట పంపిన పత్రిక నిరాకరించగా, 1948లో వేరొక పత్రికలో అచ్చయినది. తరువాత పది సంవత్సరములు దానిని పట్టించుకొన్నవారు అరుదు.

పట్టించుకొన్న వారిలో ముఖ్యుడు జేమ్స్ బ్లాక్. గుండెలోని బీటా తాళమును మూసివేసిన గుండెనొప్పి రోగులకు మేలగునని తలచి ఆయన ప్రొప్రనొలాల్ అను మందును సృష్టించెను. 1964 నాటికి అది రోగులకు అందినది. కాని ఉబ్బసము గలవారికి దానిని ఇచ్చినపుడు ఊపిరి బిగిసినది. గుండెకు ఇచ్చిన మందు శ్వాసనాళమును కట్టివేసినది. ఊపిరి మందు గుండెను కదలించుటకు ఇది తిరుగుబొమ్మ. ఈ రెండు అవయవములును ఒకే తీగకు కట్టబడియున్నవని ఇంతకంటె వేరు సాక్ష్యము అక్కరలేదు.

ఆ తీగ ఎట్టిదో ఎర్ల్ సదర్లండ్ పరిశోధనలు తెలిపినవి. బీటా గ్రాహకమునకు మందు తగిలినపుడు కణములో చక్రీయ ఎ.ఎం.పి. అను దూతపదార్థము పుట్టును. ఆ దూత శ్వాసనాళ కండరమునకు ‘సడలుము’ అను వార్తయగును; రక్తనాళపు కండరమునకును అదే వార్త. గుండె కండరమునకు మాత్రము అది ‘వేగిరపడుము, బలముగా కొట్టుము’ అను వార్తయగును. దూత ఒక్కడే, ఇండ్లు వేరగుటచే అర్థము వేరైనది. సదర్లండ్‌కు 1971లో నోబెల్ బహుమానము లభించెను.

మరణముల లెక్క

1960 తరువాత ఇంగ్లండు, వేల్స్ దేశములలో మరణపట్టికలను పరిశీలించువారికి భయము గొలుపు అంకెలు కనిపింపసాగెను. ఉబ్బసము అంతవరకు బాధించునదే గాని పిన్నవయస్కులను అరుదుగా చంపునదని ప్రతీతి. అట్టిది పది మొదలు పదునాలుగేండ్ల వయస్సు వారిలో ఉబ్బస మరణములు ఏడు సంవత్సరములలో సుమారు ఎనిమిది రెట్లయ్యెను. 1966లో ఆ వయస్సున జరిగిన మొత్తము మరణములలో నూటికి ఏడు ఉబ్బసము వలననే. స్పైజర్, డాల్, హీఫ్ అను ముగ్గురు పరిశోధకులు 1968లో ఈ లెక్కలను ప్రకటించిరి. రోగము పెరిగినదా? లేదు. రోగనిర్ణయపు పద్ధతి మారినదా? అదియు కాదు. ఆ సంవత్సరములలో మారినది చికిత్స. పీల్పు డబ్బాల అమ్మకము పెరిగినకొలది మరణములు పెరిగెను. వైద్యులకు 1967లో హెచ్చరిక పంపబడినది. 1968 చివర వైద్యుని చీటి లేకుండ డబ్బాలు అమ్మరాదని నియమము వచ్చినది. అమ్మకము తగ్గినది, మరణములును తగ్గినవి.

అమెరికాలో ఈ ఉపద్రవము ఏల రాలేదు? 1972లో పాల్ స్టాలీ దీనికి జవాబు చూపెను. కొన్ని దేశములలో ఐసోప్రెనలిన్ ఐదురెట్లు గాఢతగల డబ్బాలుగా అమ్మబడెను. ఇంగ్లండు, వేల్స్, స్కాట్లండు, ఐర్లండు, ఆస్ట్రేలియా, న్యూజీలండు, నార్వే – మరణములు పెరిగిన దేశములన్నిట ఆ గాఢమైన మందు ఉండెను. అమెరికాలో దానికి అనుమతి లేదు.

మందు మనిషిని ఎట్లు చంపును? ఇందు మూడు త్రోవలు ఊహింపబడినవి. మొదటిది గుండెపై నేరుగా పడు దెబ్బ. 1969లో శునకములపై జరిపిన ప్రయోగములలో, రక్తమున ప్రాణవాయువు సమృద్ధిగా ఉన్నపుడు జంతువు ఓర్చుకొనిన మోతాదుకంటె తక్కువ ఐసోప్రెనలినే, ప్రాణవాయువు తక్కువైనపుడు గుండెను ఆపివేయగలిగెను. తీవ్రమైన ఉబ్బసములో రోగికి తక్కువైనది ఆ ప్రాణవాయువే గదా! రెండవది రక్తనాళములకు సంబంధించినది. ఊపిరితిత్తులలో గాలి చేరని భాగములకు రక్తము పోకుండ అచటి రక్తనాళములు తమంతట తామే ముడుచుకొని యుండును. ఇది ప్రకృతి చేసిన పొదుపు. మందు ఈ ముడుతను విప్పివేయును. అపుడు రక్తము గాలిలేని భాగముల గుండ పారి, ప్రాణవాయువును అందుకొనకయే గుండెకు తిరిగి వచ్చును. అందుచే రోగికి ఊపిరి సుళువైనట్లు తోచుచున్న సమయముననే రక్తములోని ప్రాణవాయువు కొంత తగ్గవచ్చును. మూడవది మనస్సునకు సంబంధించినది. డబ్బా చేతిలోనున్నదను ధైర్యముతో రోగి ఇంటనే గంటలు గడుపును. లోపల వాపు, శ్లేష్మము పెరుగుచునే యుండును. ఆసుపత్రికి చేరునప్పటికి కాలము మించిపోవును.

ఈ మూడింటిలో ఏది ఎంత అను వాదము నేటికిని పూర్తిగా తీరలేదు. కాని మూడును కలిసి పనిచేయుటకు అడ్డేమియు లేదు.

తాళములో తాళము

గురి కుదిరించు పని అప్పటికే మొదలైనది. 1967లో లాండ్స్, ఆయన సహచరులు బీటా గ్రాహకములు కూడ రెండు ఉపజాతులని చూపిరి. గుండెలో ప్రధానముగా నుండునది బీటా-1. శ్వాసనాళములలోను, రక్తనాళములలోను ఉండునది బీటా-2. ఇంగ్లండులోని వేర్ పట్టణమున అల్లెన్ అండ్ హాన్‌బరీస్ సంస్థలో డేవిడ్ జాక్ నాయకత్వమున పనిచేయు బృందము 1966లో సాల్బుటమాల్‌ను తయారుచేసెను. ఐసోప్రెనలిన్ అణువును శరీరములోని ఒక ఎంజైము త్వరలోనే మార్చివేయును. ఆ ఎంజైము పట్టుకొను చోటును వీరు మార్చిరి. మరియొక కొనను లావు చేసిరి. ఫలితముగా మందు బీటా-2 తాళమునకే ఎక్కువగా ఇమిడినది. గంట రెండు గంటలకు మారుగా నాలుగు నుండి ఆరు గంటలు పనిచేసినది. 1969లో అంగడికి వచ్చిన ఆ మందు నేడు ప్రపంచ ఆరోగ్య సంస్థవారి అత్యవసర ఔషధముల పట్టికలో కలదు.

అయితే గుండెదడ పూర్తిగా పోయినదా? పోలేదు. దీనికి కారణములు కలవు. మానవుని గుండెలో బీటా-2 గ్రాహకములు కూడ తక్కువ పాలులో ఉన్నవి. మందు వాటిని నేరుగా తట్టును. రెండవది, చేతులు కాళ్ల కండరములలోని రక్తనాళములు బీటా-2 వలన విచ్చుకొనును. నాళములు విశాలమైనంతనే రక్తపీడనము, ముఖ్యముగా గుండె విశ్రాంతి తీసికొను వేళనుండు పీడనము, తగ్గజూచును. మెడలోని ధమనులలో కూర్చుండి కావలి కాయు నాడీగ్రములు ఈ సంగతిని మెదడునకు తెలుపును. మెదడు వెంటనే గుండెను వేగిరపరచి పీడనమును నిలబెట్టును. అనగా కొంత దడకు కారణము గుండె కాదు, రక్తనాళములు. మూడవది, ఈ మందు రక్తములోని పొటాసియమును కండరకణములలోనికి తోయును. పొటాసియము మిక్కిలి తగ్గిన గుండె లయ తప్పవచ్చును. రెండు పీల్పుల మాత్రమున ఆరోగ్యవంతుని నాడి కొలదిగా మాత్రమే పెరుగును. మోతాదు పెరిగినకొలది, ప్రాణవాయువు తగ్గినకొలది, గుండెజబ్బు ముందుగా ఉన్నకొలది అపాయము పెరుగును.

న్యూజీలండు మరల చెప్పిన పాఠము

1976 ప్రాంతమునుండి న్యూజీలండులో ఉబ్బస మరణములు రెండవసారి పెరిగినవి. ఆ సంవత్సరమే అచట ఫెనొటెరాల్ అను మందు ప్రవేశపెట్టబడినది. ఒక్క పీల్పునకు 200 మైక్రోగ్రాములు. సాల్బుటమాల్ వంటి వానికంటె గుండెను ఎక్కువగా కదలించునది. క్రేన్, పియర్స్, బీస్లీ మొదలగువారు 1989లో మరణించిన రోగులను, బ్రతికియున్న అట్టి రోగులతో పోల్చి, ఫెనొటెరాల్ వాడినవారికి అపాయము హెచ్చని ప్రకటించిరి. తీవ్రమైన జబ్బు గలవారికే ఆ మందు ఎక్కువగా ఇచ్చియుందురని విమర్శకులు వాదించిరి. వాదము సాగుచుండగనే మందు వాడుక తగ్గింపబడినది. మరణములు వేగముగా తగ్గినవి.

తరువాత పండ్రెండు గంటలు పనిచేయు సాల్మెటరాల్ వచ్చినది. దానిని 26 వేలకు పైగా రోగులపై పరీక్షించిన ఫలితములు 2006లో వెలువడినవి. ఉబ్బసము వలన మరణించినవారు సాల్మెటరాల్ తీసికొన్న వారిలో 13 మంది, ఉత్త మందు తీసికొన్న వారిలో ముగ్గురు. అంకెలు చిన్నవి, అర్థము చిన్నది కాదు. అటుపిమ్మట వాపును తగ్గించు పీల్పు స్టెరాయిడుతో కలిపి ఇచ్చి విస్తృతముగా పరీక్షించినపుడు అట్టి అపాయము కనిపించలేదు. కాబట్టి 2017 చివర అమెరికా ప్రభుత్వపు ఔషధ సంస్థ అట్టి మిశ్రమములపైనుండి తీవ్రమైన హెచ్చరికను తొలగించినది.

ఉమ్మెత్త వంశము కూడ అంతరించలేదు. అట్రోపీను అణువునకు విద్యుదావేశము నిలుచునట్లు చేసి తయారుచేసిన ఇప్రట్రోపియమ్, దాని తరువాతి టయొట్రోపియమ్ రక్తములోనికి, మెదడులోనికి అంత సులభముగా చొరబడవు. అందుచే మతి చలింపదు. గుండె కళ్లెమును అవి లాగివేయుట అరుదు. పొగత్రాగుటచే ఊపిరితిత్తులు చెడిన వృద్ధులకు ఇవి ఎక్కువగా వాడుదురు. వారిలో గుండెజబ్బు గలవారు చాలమంది కావున టయొట్రోపియమ్ తుంపరను గురించి సందేహము కలిగినది. 17 వేలకు పైగా రోగులతో జరిపి, 2013లో ప్రకటించిన పరీక్షలో మరణములు పెరుగలేదని తేలినది.

మందే కొలబద్దయైనది

కథలో అనుకొనని మలుపు ఒకటి కలదు. రక్తనాళము లోపలి గోడకు ఒక్క కణము మందమున పరచియుండు పొరను ఎండోథీలియము అందురు. ఇది ఉత్త అస్తరు మాత్రమేనని చిరకాలము తలంచిరి. 1980లో రాబర్ట్ ఫర్చ్‌గాట్ ఈ పొర లేనిచో కొన్ని మందులు రక్తనాళమును సడలింపజాలవని చూపెను. పొర విడుదల చేయు ఆ సడలింపు పదార్థము నైట్రిక్ ఆక్సైడు అను వాయువని తరువాత తేలినది. దీనికి 1998లో నోబెల్ బహుమానము లభించినది. మధుమేహము, రక్తములో కొవ్వు పెరుగుట, పొగత్రాగుట మొదలగువాని వలన ధమనులు చెడుటకు ముందుగా చెడునది ఈ పొరయే.

సాల్బుటమాల్ రక్తనాళములను సడలించుటలో కొంతపాలు ఈ పొర మూలముననే జరుగుచున్నది. దీనిని ఆధారము చేసికొని పరిశోధకులు ఒక పరీక్షను కల్పించిరి. మనిషిచేత 400 మైక్రోగ్రాముల సాల్బుటమాల్ పీల్పించి, నాడీతరంగపు ఆకారములో కలుగు మార్పును కొలుతురు. గుండెనుండి బయలుదేరిన తరంగము దూరపు నాళములను తాకి వెనుకకు మరలును. నాళములు సడలిన మరలివచ్చు అల బలహీనమగును. మధుమేహ రోగులలోను, కొవ్వు హెచ్చినవారిలోను ఈ మార్పు తక్కువగా కనిపించెను. ఒకప్పుడు అవాంఛనీయమని త్రోసిపుచ్చిన రక్తనాళ ఫలితమే ఈ విధముగా రక్తనాళముల ఆరోగ్యమును కొలుచు సాధనమైనది.

చరిత్ర చెప్పు నీతి

ఊపిరినుండి గుండెను విడదీయవలెనను ప్రయత్నము చాలవరకు సఫలమైనది, పూర్తిగా కాలేదు. ఉమ్మెత్త పొగనుండి ఐసోప్రెనలిన్‌కు, అందుండి సాల్బుటమాల్‌కు వచ్చుసరికి గురి ఎన్నియో రెట్లు కుదిరినది. కాని ఆపద వేళ శరీరమంతటిని ఒక్కసారిగా మేల్కొలుపుటకు ప్రకృతి ఒకే దూతను నియమించినది. ఆ దూత వేషము ధరించిన మందు ఎంత నేర్పుగా తయారైనను, మోతాదు మించినపుడు పాత ఇంటి తలుపు కూడ తట్టకమానదు.

మొదట చెప్పిన భేదము ఇచట మరల గుర్తునకు తెచ్చుకొనవలెను. ఈ మందులు కండరపు బిగువును తీర్చునవేగాని వాపును తీర్చునవి కావు. అందువలన 2019 నుండి అంతర్జాతీయ ఉబ్బస నిపుణుల సంఘము సాల్బుటమాల్ వంటి త్వరిత మందును ఒంటరిగా వాడుట తగదనియు, పెద్దలకును కౌమారవయస్కులకును వాపును తగ్గించు పీల్పు మందు కూడ తోడుండవలెననియు చెప్పుచున్నది. దడ పుట్టునను భయముతో అవసరమైన పీల్పును మానుకొనుట ఎంత పొరపాటో, వెనుకటి పీల్పు పనిచేయకున్నను వైద్యుని వద్దకు పోక పీల్పుమీద పీల్పు తీసికొనుచు కూర్చుండుట అంతకంటె పెద్ద పొరపాటు. డబ్బా త్వరత్వరగా ఖాళీయగుచున్నదన్న రోగము లోపల ముదురుచున్నదని అర్థము. 1960 దశాబ్దములో ప్రాణములు కోల్పోయిన ఆ పిల్లలు మిగిల్చిపోయిన హెచ్చరిక ఇదియే.